సాహస నవలకి అట్ట లోపలి పటం: గీత నుంచి జిగురు దాకా

నవల రాయడం అయిపోయింది, ఇక అట్ట లోపల ఒక పటం వేస్తే బాగుంటుంది అనుకుంటూ వచ్చారా? కాస్త ఆలస్యం చేశారు. మూడో అధ్యాయం దగ్గర చిక్కుపడి ఆగిపోయినవాళ్ళయితే సరిగ్గా సమయానికి వచ్చినట్టే. పటం ముందు, కథ తర్వాత.

ఈ వరస తిరగబడితే ఎంత చాకిరీయో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ అనే రచయితకి తెలుసు. 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో, బయట వాన వదలకుండా పడుతుంటే, పదమూడేళ్ళ సవతి కొడుకుతో కూచుని ఆయన ఒక దీవి పటం గీసి రంగులు వేశాడు. ‘ట్రెజర్ ఐలండ్’ నవల ఆ దీవిలోంచే పుట్టింది. 1883లో దాన్ని పుస్తకంగా వేసేటప్పుడు ఆ పటం కాస్తా ప్రచురణకర్తకి చేరకుండా దారిలోనే పోయింది. దాంతో ఆయన పుస్తకం మొత్తం మళ్ళీ తిరగేసి, ఏ కొండ ఏ దిక్కున ఉందన్నాడో, ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎంత దూరమన్నాడో జాబితా రాసుకుని, కంపాసు పట్టుకుని వాటన్నిటికీ అతికే ఇంకో పటం గీశాడు. ఎంత గీసినా అది తన దీవిలా అనిపించలేదని తర్వాత రాసుకున్నాడు కూడా. అందుకని గీసిన రోజే ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాతే టీ తాగండి.

నాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న ఊరు. మా ఇళ్ళలో చాలామంది గుంటలు, అంటే పిల్లలు, మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది ఒడియా. తెలుగు పుస్తకం చేతికిస్తే రెండు పేజీలు కూడబలుక్కుని పక్కన పడేస్తారు. అదే పుస్తకం అట్ట తీయగానే ఒక ఏరు, ఒక కొండ, మధ్యలో చుక్కల దారి కనిపిస్తే మాత్రం బోర్లా పడుకుని వేలు పెట్టి ఆ దారి వెంట పోతారు. పోతూ పోతూ ఊళ్ళ పేర్లు చదివేస్తారు, చదువుతున్నామని తెలీకుండానే. నేను పటాలు గీయడం మొదలుపెట్టింది అందుకే. కింద చెప్పేదంతా అలాంటి చదువరి కోసం గీసే పటం గురించే.

ఈ పటం గీసింది ఎవరు?

పుస్తకంలో మీ పేరే ఉంటుంది, సరే. కానీ కథలో ఆ పటం ఎవరి చేతిది? అటవీ గార్డు గీసుంటే బాటలు, బావులు, బంగళా ఉంటాయి. సంతలకి తిరిగే ఉప్పు వర్తకుడు గీసుంటే సంత జరిగే ఊళ్ళు పెద్దగా, మిగతావి చుక్కలుగా ఉంటాయి. పదేళ్ళ పిల్ల లెక్కల నోటుబుక్కులో గీసుకుంటే అమ్మమ్మ ఇల్లు కొండంత ఉంటుంది. ఇది ముందు తేల్చుకోండి. ఆ మనిషికి తెలియని చోటు ఏదో కూడా తేల్చుకుని అక్కడ కాగితం ఖాళీగా వదిలేయండి. కథ పోవాల్సింది అక్కడికే కదా. ఖాళీ చూస్తే చాలామందికి చెయ్యి ఊరుకోదు, ఒక పులినో పామునో వేసేస్తారు. వేయకండి.

ఏ సంవత్సరం?

మన సరిహద్దు జిల్లాల్లో ఈ ప్రశ్నకి జవాబు తెలీకుండా పెన్సిలు పట్టుకోకూడదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రాంతంగా ఏర్పడింది. పర్లాకిమిడి అటు వెళ్ళింది అప్పుడే. అంతకుముందు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. మీ కథ 1920లో జరుగుతుంటే పటంలో రాష్ట్ర సరిహద్దు గీత ఉండకూడదు. రైలు సంగతీ అంతే. నౌపడా నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల చిన్న పట్టాల రైలు 1900లో వచ్చింది. గుణుపురం దాకా పొడిగింపు పూర్తయింది 1931లో. మీ వీరుడు 1925లో గుణుపురం స్టేషన్‌లో దిగితే మా ఊళ్ళో ముసలాళ్ళు నవ్వుతారు. ఇప్పటి కథ అయితే ఆ చిన్న పట్టాలూ ఉండవు. వాటిని పెద్ద పట్టాలుగా మార్చాక 2011లో రైలు మళ్ళీ నడిచింది.

ఇప్పటి కథకి సరిహద్దు గీయాల్సి వస్తే ఇంకో తలనొప్పి. కొరాపుట్ వైపు కోటియా ఊళ్ళు ఇరవై ఒకటి మావంటే మావని ఆంధ్ర, ఒడిశా రెండు రాష్ట్రాలూ ఏళ్ళ తరబడి కోర్టులో ఉన్నాయి. అటువైపు కథ పెట్టుకున్నవాళ్ళు నిజం ఊళ్ళు వదిలేసి కల్పిత లోయ ఒకటి చేసుకోవడం మేలు. లేదా సరిహద్దు గీయకుండా ‘చెక్‌పోస్టు’ అని ఒక చిన్న గుడిసె బొమ్మ వేసి ఊరుకోండి. మనలో చాలామందికి సరిహద్దు అంటే కళ్ళకి కనబడేది అదే.

నేల కింద నేల

కల్పిత లోయ అయినా సరే, దాని కింద ఒక నిజం నేల పెట్టుకోండి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ టోపో షీట్లలో (కొండలు, ఏళ్ళు, దారులు చూపే పటాలవి) 1:50,000 స్కేలువి ఉంటాయి. అందులో రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. మీ ప్రాంతం షీటు మీద ట్రేసింగ్ కాగితం పరిచి ఏళ్ళు, కొండల వరసలు మాత్రం తీసుకోండి. తర్వాత కాగితాన్ని అద్దంలో చూసినట్టు తిరగేయండి, లేదా పావు వంతు తిప్పండి. ఏరు ఏరులాగే, లోయ లోయలాగే ఉంటుంది, ఎవరూ పోల్చుకోలేరు. సొంతంగా ఊహించి గీసిన కొండలకి ఈ పొందిక రాదు. తిప్పాక ఉత్తరం బాణం కూడా కొత్త ఉత్తరానికే పెట్టాలి సుమా.

ఊహించే గీస్తానంటే రెండు మూడు సంగతులు చూసుకోండి. గెడ్డలు, అంటే చిన్న నీటిపాయలు, కిందికి పోతూ కలుస్తాయి, విడిపోవు. విడిపోవడం ఎక్కువగా సముద్రం దగ్గర, డెల్టాలోనే. రెండు గెడ్డలు కలిసే చోట ఆ కోణం మొన ఎప్పుడూ నీళ్ళు పోయే వైపే చూడాలి. పాత రైలుదారి కొండెక్కదు, ఏటి లోయ పట్టుకుని పోతుంది. ఘాటీ రోడ్డు మెలికలు తిరుగుతుంది కానీ కాలిబాట తిన్నగా ఎక్కేస్తుంది. ఇలాంటివి తప్పితే పెద్దవాళ్ళకి తెలీకపోవచ్చు. పశువులు కాసే గుంటడికి వెంటనే తెలిసిపోతుంది.

స్కేలు, నడక, పంచాంగం

ఎక్కువ కూచోవాల్సిన చోటు ఇదే.

డెమీ సైజు పుస్తకం పేజీ దాదాపు ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు, అయిదున్నర వెడల్పు. అట్ట తెరిచాక కనబడే రెండు పేజీలూ కలిపి పదకొండు అంగుళాల వెడల్పు, అంటే 28 సెంటీమీటర్లు. 1:50,000లో గీస్తే అందులో 14 కిలోమీటర్ల నేల పడుతుంది. ఒక రాత్రిలో, ఒక పగట్లో అయిపోయే కథకి అది బోలెడు. వారం రోజుల ప్రయాణానికి చాలదు. అప్పుడు 1:2,50,000కి వెళ్ళండి, 70 కిలోమీటర్లు పడుతుంది. పటం మీద మాత్రం ఈ అంకెలు వేయకండి. ప్రెస్సులో కాస్త కుదించారంటే అంకె అబద్ధమైపోతుంది. గీతతో స్కేలు పెట్టండి, పటంతో పాటు అదీ కుదించుకుంటుంది. పాతకాలం కథ అయితే ఆ గీత పక్కన కోసు అనో ఆమడ అనో రాయొచ్చు. కోసు అంటే రెండు మైళ్ళు, నాలుగు కోసులు ఒక ఆమడ.

ఇప్పుడు దారం తీసుకోండి. మీ పిల్లలు పోయే దారి మీద మెలికమెలికకీ దారాన్ని పరిచి, తీసి, స్కేలు మీద కొలవండి. నేస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క చెప్పాడు: మూడు మైళ్ళకి ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకి ఇంకో గంట. మన కొలతల్లో అయిదు కిలోమీటర్లకి గంట, ఆరు వందల మీటర్ల ఎక్కుడికి గంట. పది కిలోమీటర్ల దారిలో ఆరు వందల మీటర్లు ఎక్కాలంటే మూడు గంటలు. అది కూడా ఆగకుండా నడిచే పెద్దవాళ్ళకి. పిల్లలంటే నేను దానికి సగం కలుపుతాను. మధ్యలో నేరేడు చెట్టు ఉంటే ఇంకో అరగంట.

నా మొదటి కథలో ముగ్గురు పిల్లలు పొద్దున్న బయల్దేరి మధ్యాహ్నానికల్లా మహేంద్రగిరి మీద కుంతి గుడి చేరతారని రాశాను. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. దారం పెట్టి కొలిస్తే, వాళ్ళు బయల్దేరిన చోటి నుంచి ఆ గుడికి చీకటి పడ్డాక కూడా చేరలేరు. అధ్యాయం తిరగరాశాను, రాత్రి ఒక సవర గిరిజనుల ఇంట్లో పడుకోబెట్టాను. ఆ ఇంటి ముసలమ్మ తర్వాత కథలో ముఖ్యమైన మనిషి అయింది. దారం లేకపోతే ఆవిడ లేదు.

పటం పక్కన పంచాంగం పెట్టుకోండి. స్టీవెన్సన్ కూడా పటం, పంచాంగం రెండూ దగ్గరుంటే పెద్ద పెద్ద తప్పులు తప్పించుకోవచ్చన్నాడు. చంద్రుడు పున్నమినాడు పొద్దుగుంకేసరికి లేస్తాడు, తర్వాత రోజుకి సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతాడు. బహుళ అష్టమినాడు అర్ధరాత్రికి గానీ రాడు. మీ దొంగలు రాత్రి తొమ్మిదింటికి వెన్నెల్లో ఏరు దాటాలంటే అది బహుళ అష్టమి కాకూడదు. తిథి తేల్చుకుని పటం మూలన పెన్సిలుతో రాసుకోండి, అచ్చుకిచ్చేటప్పుడు చెరిపేయొచ్చు.

పేర్లు

ఒక పటంలో ఒకే పేరు రెండుసార్లు రాకూడదంటారు. మా దగ్గర ప్రకృతే ఆ నియమం పాటించలేదు. మహేంద్రతనయ అని రెండు ఏళ్ళున్నాయి. ఒకటి మా ఊరి పక్కనుంచి పోయి వంశధారలో కలుస్తుంది, రెండోది బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. నిజం నేలకి చెల్లుతుంది, మీ నవలకి చెల్లదు. ఒకవేళ కథే ఆ తికమక మీద నడుస్తుంటే మాత్రం బంగారం. నిధి ఆనవాలు మహేంద్రతనయ ఒడ్డున అని రాసుంటే, సగం మంది తప్పు ఏటి దగ్గర తవ్వుతూ ఉంటారు. నేనింకా వాడుకోలేదు, కావాలంటే తీసుకోండి.

కొత్త పేర్లు కల్పించేటప్పుడు ఆ నేల మీద పేర్లు ఎలా ముగుస్తాయో వినండి. పల్లపు తెలుగు ఊళ్ళు వలస, పేట, పురం. మా కొండల మీద సింగి చివర వచ్చే ఊళ్ళుంటాయి. కొరాపుట్ వైపు గుడ, పుట్. చిన్న నీటిపాయని మేం గెడ్డ అంటాం. వాగు అని రాశారో, కథ ఇంకో జిల్లాకి వెళ్ళిపోతుంది. కొండ మీది పేరు కొండవాళ్ళ నోట్లో ఎలా పలుకుతుందో అలాగే రాయండి, సర్వే షీటులో ఉన్నట్టు కాదు. ఈ పని మా ఊళ్ళో ఎప్పుడో ఒకాయన చేసి చూపించాడు. గిడుగు రామమూర్తి గారు ఇక్కడ బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మాట్లాడే తెలుగులో రాయమని పట్టుబట్టిన మనిషి ఆయనే. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు.

అక్షరాలు

ఇంగ్లీషు పటాల్లో పెద్ద ఊరికి పెద్దబడి అక్షరాలు, ఏటికి వాలు అక్షరాలు. మనకి పెద్దబడి లేదు, వాలిస్తే తెలుగు అక్షరం తాగి పడిపోయినట్టుంటుంది. అందుకని సైజు, మందం, ఎడం, ఈ మూడింటితోనే నెట్టుకురావాలి. కొండల వరసకి అక్షరానికీ అక్షరానికీ మధ్య బాగా ఎడం ఇచ్చి సాగదీయండి. ఊళ్ళకి దగ్గరగా, తిన్నగా. ఒత్తుల కోసం కింద, గుడుల కోసం పైన జాగా వదలాలి. ‘కృష్ణ’ అనే పేరు ‘కమల’ కంటే ఎత్తు ఎక్కువ అడుగుతుంది. పేరు పెట్టేటప్పుడే ఇది గుర్తుంచుకుంటే సగం బాధ తప్పుతుంది.

ఏటి వంపు వెంట పేరు వంచి రాయాలంటే చేత్తోనే రాయండి. పాత డీటీపీ ఫాంట్లలో ఒత్తు వేరే ముక్కగా ఉంటుంది. వంపు మీద పెడితే ప్రతి ముక్కా దాని దారిన అది తిరుగుతుంది. ఒకసారి నా పటంలో ఒక ఏటి పేరులోని ఒత్తులన్నీ జారి, నీళ్ళలో రాలిన ఆకుల్లా పడ్డాయి. చూడ్డానికి బాగానే ఉంది, చదవడానికే రాలేదు.

మా వైపు పిల్లల కోసమైతే ముఖ్యమైన నాలుగైదు పేర్ల కింద చిన్నగా ఒడియా అక్షరాల్లో కూడా రాయండి. అన్నిటికీ వద్దు, పటం బస్టాండు బోర్డులా తయారవుతుంది.

నడిమి కుట్టు

గీయడం మొదలుపెట్టే ముందే కాగితం మధ్యలో నిలువు గీత ఒకటి గీసి, దానికి అటూ ఇటూ ఒక్కో సెంటీమీటరు పెన్సిలుతో నల్లగా రుద్దేయండి. ఆ పట్టీలో ఊరు, పేరు, రేవు, ఏదీ పెట్టకండి. కొండవాలో, ఖాళీ పొలమో పోనివ్వండి. ఏరు దాటినా అడ్డంగా దాటాలి, దాని పొడవునా పోకూడదు.

ఇది నేను నేర్చుకున్నది డబ్బు పోగొట్టుకునే. మా మొదటి పుస్తకంలో పిల్లలు ఏరు దాటే రేవు పటానికి సరిగ్గా నట్టనడుమ పెట్టాను. కథకి గుండెకాయ లాంటి చోటు నడుమ ఉండాలి కదా అని నా లెక్క. బైండింగు చేసే తాత మొదటి కాపీ తెరిచి చూపించాడు.

“ఏటి బాబూ, రేవుని తీసుకెళ్ళి కుట్టు కాడ ఎట్టేసినావు? కాగితం మింగేసినాది చూడు.”

“ఇంకాస్త వెడల్పుగా తెరిస్తే కనిపిస్తుంది కదా తాతా?”

“తెరిస్తే అట్ట ఊడిపోద్ది. ఊడదీసి చూపించమంటావేటి?”

ఆ పుస్తకం ఇప్పటికీ అలాగే ఉంది. రేవు కోసం వెతికి వెతికి పిల్లలు అట్ట సగం ఊడదీసిన కాపీలు రెండు చూశాను.

ఇంకో చోటు కూడా వదిలేయాలి. పుస్తకం లైబ్రరీకి వెళ్తే తారీఖుల చీటీ ఎక్కడ అంటిస్తారో ఒకసారి చూసి రండి. మొదటి విడి కాగితం మీద, చాలాసార్లు పై భాగంలో. ముద్ర కూడా అక్కడే. అక్కడ మబ్బులో, సముద్రమో, పటం పేరు రాసిన పెట్టెలో ఉంటే చాలు. గుహ ఉంటే గోవిందా.

ప్రెస్సుకి ఇచ్చేటప్పుడు

అచ్చు సైజుకి ఒకటిన్నర రెట్లు పెద్దగా గీయండి, కుదిస్తే చేతి వణుకు కనబడదు. ఒకటిన్నర రెట్లంటే పదహారున్నర అంగుళాల వెడల్పు, పన్నెండు ముప్పావు ఎత్తు. ఏ3 కాగితం ఎత్తు చాలదు. 22×15 డ్రాయింగు షీటు సరిపోతుంది. మరీ సన్నగీతలు కుదింపులో మాయమవుతాయి, కాబట్టి అన్నిటికంటే సన్నగీత కూడా కాస్త బలంగానే ఉండాలి. నలుపు గీతల పటాన్ని అచ్చు సైజులో 600 డీపీఐకి తక్కువ కాకుండా స్కాన్ చేయించండి. చుట్టూ మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచండి, కోతలో పోతాయి. రంగులు కావాలంటే నలుపుకి తోడు ఇంకొక్క రంగు చాలు. ఏళ్ళకి నీలం వేస్తారా, దారికి ఎరుపు వేస్తారా తేల్చుకోండి. నేనైతే దారికే వేస్తాను.

మన తెలుగు పుస్తకాలు ఎక్కువగా పేపర్‌బ్యాకులే, వాటికి అట్ట లోపల అంటించే ఈ విడి కాగితం ఉండదు. అప్పుడు అట్ట లోపలి వైపు, ముందొక సగం, వెనకొక సగం అచ్చు వేస్తారు. రెండు సగాల పటం అలా విడగొడితే అర్థం ఉండదు. ముందువైపు పల్లం, వెనకవైపు కొండ అన్నట్టు రెండు వేర్వేరు పటాలు గీయండి. గట్టి అట్ట అయితే ముందూ వెనకా ఒకటే పటం వేయించండి. ఖర్చు తక్కువ, చివరి అధ్యాయంలో ఉన్నవాడు మొదటికి పోనక్కర్లేదు.

అతికించడం

పది, ఇరవై కాపీలు చాలనుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. కాగితం 120 జీఎస్ఎం మ్యాప్‌లిథో బాగుంటుంది. ముందు దాని వాటం చూడాలి, అంటే పీచు ఏ వైపు పోతోందో. చిన్న ముక్క చింపి ఒక వైపు తడిపితే చుట్ట చుట్టుకుంటుంది. ఆ చుట్ట పొడవు ఎటుంటే పీచు అటు. పీచు పుస్తకం వెన్ను వెంట నిలువుగా పోవాలి. అడ్డంగా ఉంటే జిగురు తడికి కాగితం ఎత్తు వైపు సాగి ముడతలు పడుతుంది, అట్ట విల్లులా వంగుతుంది. పేజీ మీది మహేంద్రగిరి నిజంగానే పైకి లేస్తుంది.

మైదా ఒక వంతు, నీళ్ళు నాలుగైదు వంతులు, ఉండలు లేకుండా కలిపి సన్నసెగ మీద మెరుపు వచ్చేదాకా ఉడికించండి. బైండింగు వాళ్ళు పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో కలపొద్దు, వంటగిన్నె అసలే వాడొద్దు.

పటం మధ్యకి మడిచి, మడత అంచున మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే జిగురు రాసి మొదటి ఫారానికి, అంటే పేజీల మొదటి కట్టకి, అంటించండి. అది ఆరాక అట్ట తొడిగి, బయటి సగానికి నడుమ నుంచి అంచులకి పోయేలా పలచగా జిగురు పూసి, అట్ట మూసేయండి. తెరిచి చూడకండి. చూడాలనిపిస్తుంది, చూస్తే తడి కాగితం జరుగుతుంది. లోపల ఒక మైనం కాగితం పెట్టి పైన రెండు ఇటుకలో, ఇంట్లో ఉంటే పాత తిరగలి రాయో పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి తీసి, అట్ట మెల్లగా తెరిచి, ముందుగా రేవు కనబడుతోందో లేదో చూసుకోండి.